బకెట్ల వరసలో దొరికేది సగమే

పోయిన నెల ఈ శీర్షికలో టాంజానియాలోని ఉడ్జుంగ్వా కొండల్లో ఉండే ఒక సెంగీ (ఏనుగు చుంచు) గురించి రాశాం. బూడిదరంగు మొహం, నల్లటి పిరుదులు, తొండంలా అటూ ఇటూ తిరిగే సన్నని ముక్కు, 700 గ్రాముల దాకా బరువు. 2005లో అడవిలో చెట్టుకు కట్టిన ఆటోమేటిక్ కెమెరాకు చిక్కింది. 2006లో చేతికి దొరికింది. 2008లో రింకోసయాన్ ఉడ్జుంగ్వెన్సిస్ అనే పేరు వచ్చింది. దాని మీద వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఒక్క విషయమే అడిగాయి: ఎలా పట్టుకుంటారు? పట్టుకున్నాక జరిగే పని గురించి అడిగినవారు చాలా తక్కువ. కొత్త జాతి అని తేలేది మాత్రం ఆ పని దగ్గరే. అందుకే అడిగినదానికి అడగనిది కూడా కొంత కలిపి చెబుతున్నాం.

శాటిలైట్లు అంగుళం అంగుళం ఫోటో తీస్తున్న కాలంలో ఇంకా కొత్త పాలిచ్చే జంతువులు ఎలా దొరుకుతున్నాయి? అవి ఆఫ్రికా కొండల్లోనే ఎందుకు? మన రామగిరి, లక్నవరం గుట్టల్లో ఉండవా?
– ఒక ఉపాధ్యాయుడు, ములుగు

ముందు లెక్క చూడండి. 2005 నాటి ప్రపంచ జాబితాలో పాలిచ్చే జంతువుల జాతులు 5,416. 2018లో వేసిన లెక్కలో 6,495. పదమూడేళ్లలో వెయ్యికి పైగా పెరిగాయి. కొన్ని నిజంగానే ఎవరూ చూడనివి. ఇంకొన్ని, ఒకటే జాతి అని ఇన్నాళ్లూ అనుకున్నది రెండో మూడో అని తేలడం వల్ల చేరినవి. ముఖ్యంగా ఎలుకలు, గబ్బిలాలు, చుంచులు. ఇవి చిన్నవి, ఎక్కువగా రాత్రిపూట తిరిగేవి, పైకి చూస్తే అన్నీ ఒకేలా ఉండేవి. శాటిలైట్‌కు చెట్ల తలలే కనిపిస్తాయి, ఆకుల కింద పరుగెత్తే పది గ్రాముల చుంచు కనిపించదు. మొజాంబిక్‌లోని మాబు పర్వతమే చూడండి. అక్కడి దట్టమైన అడవిని 2005లో గూగుల్ ఎర్త్ చిత్రాల్లో గుర్తించారు. కానీ అక్కడి గుర్రపునాడా ముక్కు గబ్బిలం రైనోలోఫస్ మాబుయెన్సిస్‌కు 2012లో పేరు పెట్టాలంటే మనిషి వెళ్లి పట్టుకోవాల్సి వచ్చింది.

ఇక కొండల సంగతి. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు ఇంచుమించు 6 డిగ్రీల వేడి తగ్గుతుంది. రెండు వేల మీటర్ల మీద పొగమంచు, నాచు, తడిసిన ఆకుల పరుపు ఉంటాయి. కింద చూస్తే ఎండిన గడ్డిమైదానం. పైన తడి అడవికి అలవాటు పడ్డ చుంచు ఆ గడ్డిలోకి దిగి, నలభై యాభై కిలోమీటర్లు నడిచి పక్క కొండ ఎక్కలేదు. దానికి ఆ మైదానం సముద్రంతో సమానం. వాతావరణం చల్లబడి, తడిగా ఉన్న యుగాల్లో అడవి కిందికి దిగి పక్క కొండ అడవితో కలిసేది. ఎండు యుగాల్లో మళ్లీ పైకి కుంచించుకుపోయేది. అలా విడిపోయిన ప్రతిసారీ ఒక్కో కొండ మీద మిగిలిన గుంపు తన దారిన తాను మారుతూ వచ్చింది. కెన్యాలోని టైటా కొండల నుంచి దక్షిణ టాంజానియాలోని ఉడ్జుంగ్వా దాకా వంపుగా సాగే ఈస్టర్న్ ఆర్క్ వరసలో ఇలాంటి కొండల గుంపులు 13. హిందూ మహాసముద్రం మీది నుంచి వచ్చే గాలి వాటిని ఏళ్ల తరబడి తడిపి ఉంచింది. ఖండానికి అటు చివర కామెరూన్‌లో ఓకు పర్వతం మీద ఉండే లామొటెమిస్ ఓకుయెన్సిస్ అనే ఎలుక ఆ ఒక్క కొండ మీద తప్ప భూమి మీద ఇంకెక్కడా లేదు.

మన గుట్టలు వెయ్యి మీటర్లు దాటవు. పాకాల నుంచి ఏటూరునాగారం దాకా, అటు రామగిరి దాకా కిందా పైనా దాదాపు ఒకటే వేడి, ఒకటే ఎండు టేకు అడవి. ఇక్కడి ఎలుకకు ఒక గుట్ట దిగి ఇంకో గుట్ట ఎక్కడానికి అడ్డం లేదు. అందుకే గుట్టకొక జాతి పుట్టే వీలు తక్కువ. అంతమాత్రాన మన దేశంలో వెతకనక్కర్లేదని కాదు. అండమాన్ నికోబార్‌లోని నార్కొండం దీవి నుంచి క్రోసిడూరా నార్కొండామికా అనే తెల్లపళ్ల చుంచును జువాలజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు 2021లో ప్రకటించారు. అక్కడ నీళ్లు చేసిన పనే ఆఫ్రికాలో గడ్డిమైదానం చేసింది.

చుంచులను బకెట్లు పాతి పడతారని చదివాను. ఎన్ని బకెట్లు, ఎంత లోతు, ఎంత దూరం? ఎలుక బోనుతో పని కాదా? దయచేసి కొలతలతో చెప్పండి.
– ఎమ్మెస్సీ జువాలజీ విద్యార్థిని, హనుమకొండ

చికాగోలోని ఫీల్డ్ మ్యూజియంలో పనిచేసి, 2015లో ఇథియోపియాలో పరిశోధన చేస్తూనే కన్నుమూసిన విలియం స్టాన్లీ టాంజానియా కొండల్లో ఏళ్ల తరబడి ఒకే పద్ధతి వాడారు. ప్రతి కొండ మీదా అదే కొలత ఉన్నందువల్ల ఒక కొండ లెక్కను ఇంకో కొండ లెక్కతో పోల్చడం వీలైంది. మీరూ కొలత మార్చకండి.

ఒక వరసకు 11 బకెట్లు. బకెట్‌కూ బకెట్‌కూ మధ్య 5 మీటర్లు, అంటే మొత్తం 50 మీటర్లు. 15 లీటర్ల ప్లాస్టిక్ బకెట్, ఎత్తు 26 సెం.మీ., పై అంచు వెడల్పు 26, అడుగున 24. అంచు నేలకు సరిసమానంగా వచ్చేదాకా పాతాలి. వరస పొడవునా, ప్రతి బకెట్ నోటికి సరిగ్గా నడుమ నుంచి, 50 సెం.మీ. ఎత్తు ప్లాస్టిక్ పట్టా గోడలా నిలబెట్టాలి. చుంచుకు కళ్లు సరిగా కనిపించవు. గోడ తగలగానే దాన్ని ఆనుకుని పరుగెత్తుతుంది, ఇళ్లలో చుంచెలుక గోడ వారనే పోయినట్టు. అలా పోయి బకెట్‌లో పడుతుంది. ఎర అక్కర్లేదు. ఒక్కో ఎత్తులో ఇలాంటి వరసలు మూడు: ఒకటి వాగు పక్కన, ఒకటి వాలు మీద, ఒకటి గట్టు మీద వేస్తే ఆ ఎత్తులోని రకరకాల నేలలు కవరవుతాయి.

తప్పులన్నీ చిన్న చోట్లే జరుగుతాయి. బకెట్ అంచు నేల కన్నా ఒక సెంటీమీటరు పైకి లేచినా చుంచు దాన్ని గట్టు అనుకుని పక్కకు తిరుగుతుంది. అంచు చుట్టూ మట్టి చేత్తో నొక్కి, తీసేసిన ఆకులు మళ్లీ పరచాలి. పట్టా అడుగు అంచును నాలుగైదు సెంటీమీటర్లు మట్టిలోకి దించి కప్పకపోతే జంతువు కింది నుంచి దూరిపోతుంది. బకెట్ నోటి మీద మాత్రం పట్టా మట్టికి తగలకుండా వేలాడాలి. పట్టాను నిలబెట్టే కర్రలు బకెట్ పక్కనే పాతితే పిల్ల ఎలుకలు ఆ కర్ర పట్టుకుని పైకి పాకుతాయి. కొండ అడవిలో రాత్రికి రాత్రి కురిసే వాన ఇంకో తంటా. అడుగున రంధ్రాలు లేని బకెట్ నీళ్లతో నిండి, అందులో పడ్డది మునిగి చస్తుంది, బొచ్చు ఊడుతుంది, నమూనా పాడవుతుంది. రంధ్రాలు మరీ చిన్నవైతే భూమిలోని నీళ్లు కింది నుంచి ఒత్తి బకెట్‌నే పైకి లేపుతాయి. మేకుతో అడుగున ఏడెనిమిది రంధ్రాలు చేయడం సరిపోతుంది. వాటి ద్వారా చీమలు రావా అంటే వస్తాయి. ఆఫ్రికా అడవుల్లో సియాఫూ అనే దండు చీమలు ఒక రాత్రి వరస మీదుగా పోతే తెల్లవారేసరికి ఎముకలే మిగులుతాయి. దానికి మందు లేదు. దండు దారి మారేదాకా ఆ వరసను మూసేయాలి.

బకెట్లను తెల్లవారగానే ఒకసారి, మధ్యాహ్నం మూడు నాలుగింటి మధ్య ఒకసారి చూడాలి. చిన్న చుంచుకు రోజూ తన బరువుతో సమానమైన తిండి దాదాపు అవసరం. కొన్ని గంటలు తిండి లేకపోతే, పైగా తడిసి ఉంటే, చస్తుంది. బతికి ఉంచి వదలాలనుకుంటే ఈ రెండుసార్లు చాలవు; రాత్రి కూడా తిరగాలి, బకెట్‌లో గుప్పెడు ఎండుటాకులు, నాలుగు పిండి పురుగులు వేయాలి.

మీరు అడిగిన బోను కూడా కావాలి, కానీ వేరే పనికి. పెద్ద ఎలుకలు బకెట్ నుంచి ఎగిరి దూకుతాయి, అందుకని మడిచే అల్యూమినియం పెట్టె బోనులు, స్ప్రింగుతో పడే చెక్క బోనులు పక్కనే వేరే వరసలో పెడతారు. కొన్ని నేల మీద, కొన్ని మనిషి ఎత్తున తీగల మీద, వాలు కొమ్మల మీద. చెట్టెక్కే హైలోమిస్కస్ లాంటి ఎలుకలు నేల మీది బోనులో ఎక్కువగా పడవు. ఎర: పచ్చికొబ్బరిని బొటనవేలి గోరంత ముక్కలుగా కోసి, నూనెలో వేయించి, పల్లీ ముద్ద పట్టించాలి. వేయించడం వాసన కోసమే కాదు, ముక్క గట్టిపడి మీట మీద నిలవడానికి కూడా. వానకు వాసన పోతుంది కాబట్టి రోజూ మార్చాలి. పురుగులు తినే చుంచులు ఈ ఎరకు పెద్దగా రావు. బోనులు మాత్రమే వేసిన పాత సర్వేల్లో చుంచులు తక్కువగా కనిపించడానికి పెద్ద కారణం ఇదే.

చివరగా లెక్క. ఒక బకెట్ ఒక రాత్రి తెరిచి ఉంటే అది ఒక బకెట్-రాత్రి. మూడు వరసలు, పది రాత్రులు: 3 × 11 × 10 = 330. దొరికినవాటిని ఈ సంఖ్యతో భాగించి రాయని సర్వే ఎందుకూ కొరగాదు. ఏమీ దొరకని రాత్రులు కూడా నోట్‌బుక్‌లో ఉండాలి, ఆ రాత్రి ఎన్ని మిల్లీమీటర్ల వాన పడిందో కూడా. చుంచులు తడి రాత్రుల్లో ఎక్కువ తిరుగుతాయి. రోజురోజుకూ కొత్తగా చేరే జాతుల సంఖ్యను గీతగా గీయండి. ఆ గీత చదునయ్యేదాకా క్యాంపు ఎత్తకూడదు. పని అయ్యాక గుంతలు పూడ్చకుండా రావడం మాత్రం క్షమించరాని తప్పు. మూతలేని బకెట్ ఒకటి మిగిలినా నెలల తరబడి చంపుతూనే ఉంటుంది.

ఏనుగు చుంచుకూ ఏనుగుకూ నిజంగా చుట్టరికం ఉందా?
– ఎనిమిదో తరగతి విద్యార్థిని, జగిత్యాల

ఉంది తల్లీ. మొదట ఆ పేరు పొడవు ముక్కు చూసి పెట్టారు, అంతే. 1990ల చివర్లో డీఎన్‌ఏ పోల్చి చూస్తే సెంగీ (అక్కడి వాళ్లు పిలిచే పేరు ఇదే) ఏనుగు, హైరాక్స్, ఆర్డ్‌వార్క్, సముద్రపు ఆవు, టెన్రెక్, గోల్డెన్ మోల్‌ల కుటుంబంలోనిదని తేలింది. ఆ గుంపు పేరు ఆఫ్రోథీరియా. మన ఇంట్లో తిరిగే చుంచెలుకకు సెంగీ ఏమీ కాదు. ఇంకో సంగతి గుర్తుపెట్టుకో: మన చుంచెలుక ఎలుక కూడా కాదు. ఎలుకకు ముందు రెండు ఉలిపళ్లు, తరువాత పెద్ద ఖాళీ ఉంటాయి. చుంచుకు ముక్కు కింద నుంచి చివరిదాకా సూదిలాంటి పళ్లు వరసగా ఉంటాయి, ఖాళీ ఉండదు.

బకెట్‌లో పడ్డ రోజే అది కొత్త జాతి అని తెలిసిపోతుందా?
– రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, హనుమకొండ

దాదాపు ఎప్పుడూ తెలియదు. ఈ ఒక్క ప్రశ్న కోసమే ఈ నెల శీర్షిక మొత్తం ఇవ్వాలనిపించింది.

క్యాంపులో జరిగేది కొలవడం, రాయడం. ఐదు కొలతలు: ముక్కు కొన నుంచి తోకలోని చివరి ఎముక దాకా మొత్తం పొడవు (కొసన వెంట్రుకలు లెక్కలోకి రావు), తోక పొడవు, మడమ నుంచి వెనక పాదం, చెవి అడుగు గీత నుంచి చెవి కొన, బరువు. ఒక చుంచుకు ఇలా రాస్తారు: 112-48-13-8-9.5. మొదటి నాలుగూ మిల్లీమీటర్లు, చివరిది గ్రాములు. వెనక పాదాన్ని గోరుతో కొలిచారా, గోరు లేకుండానా అనేది పక్కన రాయాలి; రాయకపోతే ఒక మిల్లీమీటరు తేడా వస్తుంది, 13 మిల్లీమీటర్ల పాదంలో అది చిన్నది కాదు. తోక కొస తెగిందేమో చూడాలి. ఎలుకలకు తోక తెగడం మామూలు, తెగిన తోక కొలిచి కొత్త పొట్టితోక జాతి అని భ్రమపడ్డవారు ఉంటారు.

తరువాత కాలేయం, కండ నుంచి బఠాణీ గింజంత ముక్కలు తీసి 95 శాతం ఇథనాల్‌లో వేస్తారు. ముక్కకు పదింతలు ద్రవం ఉండాలి, ఒకరోజు తరువాత మార్చాలి. ఒక జంతువుకు వాడిన కత్తెరను మంటలో కాల్చకుండా రెండోదానికి వాడితే రెండింటి డీఎన్‌ఏ కలుస్తుంది. ల్యాబ్‌లో వింత ఫలితం వచ్చి నెలలు వృథా అవుతాయి. శరీరాన్ని ఫార్మలిన్‌లో పెట్టే ముందే ఈ ముక్కలు తీయాలి, ఫార్మలిన్ తగిలాక డీఎన్‌ఏ ముక్కలైపోతుంది. బఫర్ కలపని ఫార్మలిన్ పులిసి ఎముకను కరిగిస్తుంది కూడా. చీటీ మీద పెన్సిల్‌తోనే రాయాలి. బాల్‌పెన్ను సిరాను స్పిరిట్ కడిగేస్తుంది, పేరు లేని నమూనా చెత్తతో సమానం.

మిగతాది మ్యూజియంలో. తలను ఎండబెట్టి డెర్మెస్టిడ్ పురుగుల పెట్టెలో వేస్తే అవి మాంసం తిని పుర్రెను శుభ్రం చేస్తాయి. ఉడకబెడితే చుంచు పుర్రె అతుకుల దగ్గర విడిపోతుంది. మైక్రోస్కోపు కింద చూసేది పళ్లు. చుంచుల్లో క్రోసిడూరా అనే రకానికి పై దవడలో ముందు పెద్ద పన్ను వెనక ఒకే మొన ఉన్న చిన్న పళ్లు మూడు, సుంకస్, మయోసోరెక్స్ రకాలకు నాలుగు. పళ్ల అరుగుదల చూసి వయసు కట్టాలి. పిల్ల పుర్రెను పెద్దదాని పుర్రెతో పోలిస్తే ఎప్పుడూ కొత్తదే దొరుకుతుంది. ఆ తరువాత లండన్, బెర్లిన్, బెల్జియంలోని టెర్వూరెన్, చికాగో మ్యూజియంల అరల్లో ఉన్న పాత నమూనాలతో ఒక్కొక్కటిగా పోల్చాలి. లండన్‌లో ఓల్డ్‌ఫీల్డ్ థామస్ ఒక్కరే దాదాపు 2,900 పేర్లు పెట్టి పోయారు. మీది కొత్తది అని చెప్పే ముందు ఆయన వందేళ్ల కింద పేరు పెట్టిందే కాదని నిరూపించాలి.

అందుకే ఆలస్యం. 2012లో ఒక అధ్యయనం అన్ని రకాల జీవులను కలిపి లెక్కవేస్తే, నమూనా సేకరించిన రోజు నుంచి కొత్త జాతిగా పేరు పెట్టే రోజు దాకా సగటున 21 ఏళ్లు పట్టింది. వాగు నీళ్లలో నిలబడి మీసాలతో పురుగుల కదలిక పసిగట్టే పొడవు కాళ్ల ఎలుక కొలోమిస్ ఉంది. దాని నమూనాలను మ్యూజియంల అరల నుంచి తీసి మళ్లీ పోల్చినప్పుడు 2020లో రెండు కొత్త జాతులు బయటపడ్డాయి: కాంగో ప్రాంతపు కొలోమిస్ లుముంబాయి, లైబీరియా కొండల కొలోమిస్ వొలోగిజి. దాని దగ్గరి చుట్టం నిలోపెగామిస్ అయితే 1927లో ఇథియోపియాలో దొరికిన ఒకే ఒక్క నమూనాతోనే శాస్త్రానికి తెలుసు. అడవిలో పని వారాలు, బల్ల మీద పని ఏళ్లు.

కొత్త జీవిని కనిపెట్టామంటూ దాన్నే చంపడం న్యాయమా? ఫోటో, నాలుగు వెంట్రుకలు చాలవా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

మీ బాధ సబబే. ఈ పనిలో ఉన్నవారు ఎవరూ దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఫోటో చాలేదే అయితే ఉడ్జుంగ్వా సెంగీకి 2005లోనే పేరు వచ్చేది. కెమెరా చిత్రాల్లో రంగు తెలిసింది. పుర్రె, పళ్లు, బరువు తెలియలేదు. కొత్త పేరుకు ఆధారంగా నిలిచే ఒక నమూనాను హోలోటైప్ అంటారు. రేపు ఇంకొకరు వచ్చి “ఇది వేరే జాతి” అంటే తీసి చూపాల్సింది దాన్నే. చుంచుల్లో జాతి తేడాలు చాలావరకు పుర్రె లోపలే ఉంటాయి, బతికిన జంతువులో కనిపించవు.

కానీ ఎన్ని అన్నదానికి హద్దు ఉంది. అనుమతి పత్రంలో ఆ సంఖ్య రాసి ఉంటుంది. టాంజానియాలో సైన్స్ కమిషన్ అనుమతి, వన్యప్రాణి పరిశోధన సంస్థ అనుమతి రెండూ లేకుండా బకెట్ పాతకూడదు. మామూలు జాతి అని తేలిన ఎలుకను చెవి అంచు నుంచి చిన్న ముక్క తీసుకుని వదిలేయవచ్చు, వదిలేయాలి కూడా. చుంచులు సాధారణంగా ఏడాది, ఏడాదిన్నర మించి బతకవు, త్వరగా పిల్లలు పెడతాయి. సర్వేలో తీసుకున్న కొన్నింటి లోటు అడవి బాగుంటే పూడుతుంది. ఒక ఎకరం కొండ అడవి నరికితే ఆ లోటు పూడదు. పేరు లేని జీవి పేరు చెప్పి ఏ అడవినీ కాపాడలేం, చట్టంలో రాయడానికి ముందు పేరు కావాలి.

డీఎన్‌ఏలో ఎంత శాతం తేడా ఉంటే కొత్త జాతి అంటారు?
– ల్యాబ్ టెక్నీషియన్, వరంగల్

ఒకే అంకె లేదు. పాలిచ్చే జంతువుల్లో ఎక్కువగా చదివేది మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్-బి జన్యువు, పొడవు 1,140 అక్షరాలు. 2001లో బ్రాడ్లీ, బేకర్ అనే ఇద్దరు ఇచ్చిన కొలబద్ద ఇప్పటికీ వాడుకలో ఉంది: తేడా 2 శాతం లోపైతే ఒకే జాతి లోపలి తేడా కావచ్చు, 11 శాతం దాటితే వేరే జాతులయ్యే అవకాశం బాగా ఎక్కువ, మధ్యలో ఉంటే ఇంకా పరిశీలించాలి. ఈ కొండ చుంచులు ఎక్కువగా ఈ మధ్యలోనే పడి ఏడిపిస్తాయి. అందుకని ఈ ఒక్క జన్యువును నమ్మి పేరు పెట్టకూడదు. ఇది తల్లి నుంచి మాత్రమే వస్తుంది; ఎప్పుడో రెండు జాతులు కలిస్తే ఒకదాని మైటోకాండ్రియా ఇంకోదానిలో ఉండిపోతుంది. ఈ జన్యువు నకళ్లు కేంద్రకంలో కూడా చొరబడి ఉంటాయి, పీసీఆర్‌లో (డీఎన్‌ఏ నకళ్లు తీసే పద్ధతిలో) వాటినే పెంచి చదివే ప్రమాదం ఉంది. చదివిన వరసలో నడుమ ఆగిపోయే సంకేతాలు కనిపిస్తే అదే అనుమానించండి. కేంద్రక జన్యువులు, పుర్రె కొలతలు, దొరికిన చోటు, ఈ మూడూ ఒకే మాట చెబితేనే ధైర్యం.

పేరు ఎవరు పెడతారు? సొంత పేరు పెట్టుకోవచ్చా?
– డిగ్రీ విద్యార్థి, పెద్దపల్లి

వర్ణన ప్రచురించినవారే పెడతారు. సొంత పేరు పెట్టుకోవడాన్ని నిషేధించే నియమం లేదు గానీ మర్యాద కాదు. మగవారి పేరు చివర సాధారణంగా “ఐ” (లుముంబాయి), స్త్రీ పేరు చివర “ఏ”, ఒకరి కన్నా ఎక్కువమందికైతే “ఓరం”, ఊరు చివర “ఎన్సిస్”. 2005లో ఉడ్జుంగ్వా నుంచి స్టాన్లీ బృందం వర్ణించిన చుంచు కాంగోసోరెక్స్ ఫిలిప్సోరం. ఫిలిప్స్ కుటుంబం మొత్తానికి అంకితం కాబట్టి బహువచనం. అంతకుముందు ఆ ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) కాంగో వైపు మాత్రమే తెలుసు. ఖండానికి ఇటువైపు కూడా దొరకడం రెండు అడవులూ ఒకప్పుడు కలిసి ఉన్నాయనడానికి గట్టి ఆధారం. 2012 నుంచి ఇంటర్నెట్ పత్రికలో మాత్రమే అచ్చయ్యే పేరైతే జూబ్యాంక్ అనే జంతువుల పేర్ల అంతర్జాతీయ రిజిస్టర్‌లో నమోదు తప్పనిసరి.

ఆఫ్రికా వెళ్లే స్తోమత లేదు. వరంగల్‌లో ఉండే ఈ పని నేర్చుకోవడం ఎలా?
– బీఎస్సీ విద్యార్థి, హనుమకొండ

గుడ్లగూబలతో మొదలుపెట్టు తమ్ముడూ. తెల్ల మొహం గుడ్లగూబ ఎలుకలను, చుంచులను మింగి, అరగని ఎముకలు, బొచ్చును బొటనవేలంత నల్లటి ఉండగా కక్కేస్తుంది. పాత గోదాములు, రైస్ మిల్లులు, పాడుబడ్డ బంగళాల దూలాల కింద యజమానిని అడిగి ఏరుకోవచ్చు. గూడు దగ్గరికి పోవద్దు. అభయారణ్యం లోపలి నుంచి అనుమతి లేకుండా ఆకు కూడా తేవద్దు.

చేతికి గ్లవ్స్, మొహానికి మాస్కు ముందు. ఉండను అల్యూమినియం రేకులో చుట్టి కాలేజీ ల్యాబ్ ఓవెన్‌లో (వంటింటిది వద్దు) 160 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు ఉంచితే క్రిములు చస్తాయి. తరువాత గోరువెచ్చని నీళ్లలో రెండు గంటలు నానబెట్టి, చిమటాతో మెల్లగా విప్పు. పుర్రెలు, కింది దవడలు వేరు చెయ్యి. మూడు శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో కొద్ది గంటలు వేస్తే తెల్లబడతాయి. బ్లీచింగ్ పౌడర్ వేస్తే ఎముక పొడిపొడి అవుతుంది. పదింతలు పెద్దగా చూపే చేతి భూతద్దంతో చూడు. నారింజ రంగు ఉలిపళ్లు, వెనక ఖాళీ ఉంటే ఎలుక. కొక్కెంలాంటి ముందుపన్ను, ఖాళీ లేని వరస ఉండి, చెంప దగ్గర ఎముక వంపు లేకపోతే చుంచు. చిన్న పళ్లు లెక్కపెట్టు: నాలుగైతే ఇంటి చుంచెలుక సుంకస్ మ్యురైనస్ కావచ్చు, మూడైతే క్రోసిడూరా. నాలుగోది మరీ చిన్నది, మట్టి అంటుకుంటే కనిపించదు, అక్కడే అందరూ పొరబడతారు. యాభై పుర్రెలు ఇలా తేలిస్తే ఏ మ్యూజియంలోనైనా బల్ల ముందు కూర్చోగలవు. తరువాత బతికిన జంతువులు పట్టాలంటే అటవీశాఖలో చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి, నమూనాలు విదేశీ ల్యాబ్‌కు పంపాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి కావాలి.

సార్, మా చెల్కల కందులు కోస్తుంటే ఒక ఎలుక కనబడ్డది. తోక బాగ పొడుగు, కొసకు నల్లటి కుచ్చు, పెద్ద కండ్లు, కడుపు తెల్లగ. ఊళ్లె ఎవ్వరు చూడలేదంటున్నరు. కొత్త జాతా?
– ఒక రైతు, నర్సంపేట

మీరు చెప్పిన గుర్తులు చాలా స్పష్టంగా ఉన్నాయి, అవి టటేరా ఇండికా అనే జెర్బిల్ ఎలుకవి. మెట్ట చెలకల్లో ఉండేదే, రాత్రి మాత్రమే బయటికి వస్తుంది కాబట్టి చాలామందికి కనబడదు. దాని బొరియకు రెండు మూడు నోళ్లు ఉంటాయి. వరి గట్ల మీద బొరియ నోటి దగ్గర మట్టి కుప్పలు పోసేది వేరు, అది పందికొక్కు చుట్టం బాండికోటా బెంగాలెన్సిస్.

ఒట్టి చేతులతో మాత్రం పట్టవద్దు. ఎలుకల మూత్రం నుంచి లెప్టోస్పైరోసిస్ జ్వరం వస్తుంది, పొలంలో కాళ్ల పగుళ్ల ద్వారా కూడా. చుంచులూ తక్కువేమీ కావు: 1964లో వెల్లూరు దగ్గర చుంచెలుక నుంచి తొట్టపాళయం అనే హాంటా జాతి వైరస్‌ను వేరుచేశారు. మళ్లీ ఏదైనా చచ్చి దొరికితే కర్రతో తిప్పి, పక్కన రూపాయి బిళ్ల పెట్టి నాలుగు ఫోటోలు తీయండి: పక్క నుంచి మొత్తం, కడుపు, వెనక పాదం అడుగు, తోక కొస దగ్గరగా. పాదం అడుగున మెత్తటి దిమ్మెలు ఎన్ని ఉన్నాయో కనిపించేలా తీయండి, ఎలుకల్లో రంగు కన్నా ఆ దిమ్మెలే ఎక్కువ చెబుతాయి.